పుట్టినవన్నీ బతికితే? జీవుల సంఖ్యకు హద్దులు గీసేది ఏది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయాన్ని వేర్వేరు వైపుల నుంచి అడిగాయి. జీవులు ఎలా పెరుగుతాయి, ఎక్కడ ఆగుతాయి, ఎవరు ఆపుతారు అన్నదే ఆ విషయం. అందుకే ఈసారి శీర్షికను పూర్తిగా దానికే కేటాయించాం. పొలంలోని దోమ నుంచి మన ఇళ్లలోని పిల్లల సంఖ్య వరకు అన్ని ప్రశ్నలూ ఇందులో ఉన్నాయి.

ప్రశ్న: ఒక బ్యాక్టీరియా 20 నిమిషాలకు రెండుగా చీలుతుందని పాఠంలో చదివాను. ఆ లెక్కన ఈపాటికి భూమి అంతా బ్యాక్టీరియాతోనే నిండిపోవాలి కదా? పుస్తకంలో ‘జె’ ఆకారపు గీత, ‘ఎస్’ ఆకారపు గీత అని రెండు బొమ్మలు ఇచ్చారు. ప్రకృతిలో నిజంగా కనిపించేది ఏది?
— ఒక ఇంటర్ విద్యార్థిని, తెనాలి

జవాబు: మీ లెక్క సరైనదే. దాన్ని చివరిదాకా చేసి చూస్తే ఇంకా ఆశ్చర్యం కలుగుతుంది. మన పేగుల్లో ఉండే ఈ-కొలై బ్యాక్టీరియాకు తగిన వెచ్చదనం, తిండి పుష్కలంగా దొరికితే అది సుమారు 20 నిమిషాలకు ఒకసారి చీలుతుంది. అంటే గంటకు 3 సార్లు, రోజుకు 72 సార్లు రెట్టింపు కావాలి. ఒక్కో కణం బరువు గ్రాములో లక్ష కోట్లవ వంతే అయినా, ఒక్క కణంతో మొదలైన సంతతి 24 గంటల్లో 4,000 టన్నులు దాటుతుంది. రెండో రోజు పూర్తి కాకముందే అది భూగోళమంత బరువవుతుంది. అలా జరగడం లేదంటే ప్రతి రెట్టింపుకూ ఏదో ఒకటి అడ్డుపడుతోందని అర్థం. ఆ అడ్డు ఏమిటని వెతకడమే ఈ శాస్త్రం చేసే పని.

దాన్ని మీ వంటింట్లోనే చూడవచ్చు. గోరువెచ్చని పాలలో చెంచాడు పెరుగు తోడు వేస్తే అందులోని లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా మొదట కొంతసేపు కొత్త చోటుకు అలవాటు పడుతుంది. ఆ తర్వాత కొన్ని గంటలపాటు విపరీతమైన వేగంతో పెరుగుతుంది. మీ పుస్తకంలోని ‘జె’ గీత ఆ గంటలకు చెందినదే. పాలు తోడుకుని పెరుగు పుల్లబడేసరికి ఆ వేగం తగ్గిపోతుంది. ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటుంది. పెరుగుదల ఆగిపోయే సమయానికి పాలలోని చక్కెరలో పెద్ద భాగం ఇంకా మిగిలే ఉంటుంది. తిండి ఉండగానే బ్యాక్టీరియా ఆగిపోవడానికి కారణం అది తాను విడుదల చేసిన ఆమ్లమే. జీవుల సంఖ్యకు హద్దు అనగానే ఆకలి ఒక్కటే గుర్తుకు వస్తుంది కానీ, స్థలం, వెలుతురు, గూడు కట్టుకునే చోటు, శత్రువులు, రోగాలు, చివరికి తమ వ్యర్థాలు కూడా హద్దులు కాగలవు.

ఈ హద్దును గణితంలోకి తెచ్చినవాడు బెల్జియం దేశస్థుడు పియెర్ ఫ్రాన్స్వా వెర్హుల్స్ట్. మనుషుల సంఖ్య గుణశ్రేణిలో పెరుగుతుందని 1798లో ఆంగ్ల ఆర్థికవేత్త మాల్థస్ చెప్పిన మాటకు 1838లో ఆయన ఒక సవరణ జోడించాడు. ఒక చోటు భరించగల సంఖ్యకు దగ్గరవుతున్న కొద్దీ పెరుగుదల రేటు దానంతట అదే తగ్గుతుందన్నది ఆ సవరణ. చాలాకాలం మరుగునపడిన ఈ సూత్రాన్ని 1920లో అమెరికాలో రేమండ్ పెర్ల్, లోవెల్ రీడ్ మళ్లీ వెలుగులోకి తెచ్చారు. ఒక చెరువు 1,000 చేపలను భరించగలదనీ, అడ్డు లేకపోతే చేపలు ఏడాదికి 50 శాతం చొప్పున పెరుగుతాయనీ అనుకోండి. చెరువులో 100 చేపలు ఉన్నప్పుడు ఏడాదికి 45 కొత్తవి చేరతాయి. 500 ఉన్నప్పుడు 125 చేరతాయి. 900 ఉన్నప్పుడు మళ్లీ 45 మాత్రమే చేరతాయి. మొదట్లో తల్లులు తక్కువ కాబట్టి పెరుగుదల తక్కువ, చివర్లో చోటు తక్కువ కాబట్టి పెరుగుదల తక్కువ. మధ్యలోనే అది అన్నిటికన్నా ఎక్కువ. ఈ అంకెలను గుర్తుంచుకోండి, సముద్రంలో వేట గురించిన ప్రశ్నలో మళ్లీ అవసరమవుతాయి.

ఇలా మొదట నెమ్మదిగా, మధ్యలో వేగంగా, చివర్లో మళ్లీ నెమ్మదిగా సాగే పెరుగుదలను గీస్తే వచ్చేదే ‘ఎస్’ గీత. అంత నున్నని గీత ప్రయోగశాలలోని గాజు పాత్రల్లో తరచుగా కనిపిస్తుంది. ఆరుబయట హద్దే ఏటేటా మారుతుంటుంది కాబట్టి, సంఖ్య కూడా దాని చుట్టూ ఎగుడుదిగుడుగా కదులుతుంది. ఒక్కోసారి హద్దును దాటిపోయి కుప్పకూలుతుంది కూడా. అలాంటి ఒక ఉదంతం కింద నాలుగో ప్రశ్నకు ఇచ్చిన జవాబులో ఉంది.

ప్రశ్న: అయ్యా, ఈ సార్వాలో సుడిదోమకు మూడుసార్లు మందు కొట్టాను. కొట్టిన ప్రతిసారీ వారం, పది రోజులు తగ్గినట్టు కనిపించి మళ్లీ ముందుకన్నా ఎక్కువగా వచ్చింది. పక్క చేలో ఒక్కసారే కొట్టారు, వాళ్లకు అంత నష్టం లేదు. మందు నకిలీదా, లేక దోమకు అలవాటైపోయిందా?
— ఒక వరి రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: నకిలీ మందు, మందుకు తట్టుకునే శక్తి అనే రెండు కారణాలూ ఉండే వీలుంది. అయితే మీరు చెప్పిన తీరు, అంటే తగ్గినట్టు తగ్గి ముందుకన్నా ఎక్కువ కావడం, మూడో కారణాన్ని సూచిస్తోంది. అది అర్థం కావాలంటే ముందు వరి దుబ్బుల రసం పీల్చే ఈ సుడిదోమ సంతానం లెక్క చూడాలి.

ఒక ఆడదోమ ఆకుతొడిమలోకి చొప్పించి 200 నుంచి 300 గుడ్లు పెడుతుంది. మూడు, నాలుగు వారాల్లో తర్వాతి తరం సిద్ధమవుతుంది. లెక్క సులువుగా ఉండడానికి 200 గుడ్లే అనుకుందాం. ఆ 200లో చివరికి 2 మాత్రమే, ఒక ఆడ, ఒక మగ, పెద్దవై గుడ్లు పెట్టే దశకు చేరితే చేలో దోమ సంఖ్య పెరగదు, తగ్గదు. మిగిలిన 198 ఏదో ఒక దశలో చనిపోతాయి. ఇప్పుడు ఆ 2 బదులు 10 బతికాయనుకోండి. 200లో 10 అంటే అప్పటికీ 5 శాతమే, నూటికి 95 చనిపోతూనే ఉన్నాయి. అయినా తరానికి 5 రెట్లు చొప్పున మూడు తరాల్లో దోమ 125 రెట్లు అవుతుంది. బతికే శాతంలో వచ్చే చిన్న మార్పు సంఖ్యలో ఎంత పెద్ద మార్పు తెస్తుందో ఈ లెక్క చెబుతుంది. నా దృష్టిలో ఈ విషయం మొత్తంలో రైతుకు అన్నిటికన్నా ఎక్కువగా పనికివచ్చేది ఇదే.

ఆ 198ని చంపుతున్నది ఎవరు? చేలో నీళ్లకు కాస్త పైన, దుబ్బు మొదట్లో వంగి చూడండి. దోమలు ఉన్న చోటే సాలీళ్లు తిరుగుతుంటాయి. ఆకుపచ్చని మిరిడ్ నల్లులు ఆకుతొడిమలోని గుడ్లలోకి ముక్కు గుచ్చి రసం పీలుస్తుంటాయి. గుడ్లలో తమ గుడ్లు పెట్టే అతి సన్నని పరాన్నజీవి కందిరీగలు కంటికి అంత సులువుగా కనిపించవు. మందు కొట్టినప్పుడు దోమలతోపాటు ఇవన్నీ చనిపోతాయి. తొడిమ లోపల ఉన్న దోమ గుడ్లు మాత్రం చాలావరకు క్షేమంగా ఉంటాయి. వారం, పది రోజుల్లో అవి పొదిగేసరికి చేలో తిండి నిండుగా ఉంటుంది, శత్రువు ఉండదు. వాటిని తినే సాలీళ్లు తిరిగి కోలుకోవడానికి దోమకన్నా ఎక్కువ కాలం పడుతుంది. అందుకే రెండో విడత, మూడో విడత మొదటిదానికన్నా ఉద్ధృతంగా ఉంటుంది. సింథటిక్ పైరిత్రాయిడ్ జాతి మందులు ఈ విషయంలో మరీ హాని చేస్తాయి కాబట్టే, వాటిని వరిలో దోమ ఉన్నప్పుడు వాడవద్దని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు.

ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో 1970ల చివర పీటర్ కెన్‌మోర్ చేసిన పరిశీలనలు ఈ సంగతిని స్పష్టంగా నిరూపించాయి. దాన్ని ఒక దేశమంతటా అమలు చేసి చూపించింది ఇండోనేషియా. సుడిదోమ వల్ల పదే పదే దెబ్బతిన్న ఆ దేశం 1986లో అధ్యక్షుడి ఉత్తర్వుతో వరిపై 57 రకాల పురుగుమందులను నిషేధించింది. మందులపై ఇచ్చే రాయితీని కూడా 1989 నాటికి క్రమంగా ఎత్తివేసింది. వరి దిగుబడి పడిపోతుందని భయపడినవారు ఉన్నారు కానీ, దిగుబడి తగ్గలేదు, పెరుగుతూనే వచ్చింది.

మరో సంగతి కూడా మీరు గమనించే ఉంటారు. మొదట్లో కనిపించే దోమల్లో చాలావాటికి రెక్కలు పొట్టిగా ఉంటాయి. అవి ఎగరలేవు, ఉన్నచోటే ఎక్కువ గుడ్లు పెడతాయి. దుబ్బు కిక్కిరిసి, పైరు వాడుముఖం పట్టే సమయానికి పొడవు రెక్కల దోమలు ఎక్కువవుతాయి. ఉన్నచోటు తమను భరించలేదని తెలిసినప్పుడు వలసపోయే తరాన్ని తయారుచేసుకునే ఏర్పాటు అది. మీ చేలో పొడవు రెక్కల దోమలు ఎక్కువగా కనిపిస్తే పక్క చేలకు ముప్పు ఉందని తెలుసుకుని ఇరుగుపొరుగు రైతులకు చెప్పండి.

వచ్చే పంటలో చేయగలిగినవి ఉన్నాయి. నాట్లలో ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల చొప్పున తూర్పు పడమరలుగా కాలిబాటలు వదలండి. దుబ్బు మొదట్లో గాలి, వెలుతురు ఆడితే దోమకు నచ్చే చల్లని తేమ తగ్గుతుంది. యూరియాను సిఫారసుకు మించి వేయకండి, ఎందుకంటే నత్రజని ఎక్కువైన లేత పైరు మీద దోమ ఎక్కువగా బతుకుతుంది. దోమ కనిపించగానే కొన్నాళ్లు నీళ్లు తీసి చేను ఆరబెట్టండి. మందు కొట్టక తప్పనప్పుడు, దోమ వ్యవసాయాధికారులు చెప్పే హద్దు దాటిందని దుబ్బులు తట్టి లెక్క చూసుకున్నాకే, మందు దుబ్బు మొదళ్లకు తగిలేలా కొట్టండి. పక్క రైతు చేనిలో నష్టం తక్కువ కావడానికి ఆయన అదృష్టం కన్నా ఆయన చేలో బతికిపోయిన సాలీళ్లే ఎక్కువ కారణమని నా నమ్మకం.

ప్రశ్న: మా కాలనీలో వీధికుక్కల బెడద భరించలేకుండా ఉన్నాం. రెండుసార్లు బండ్లు వచ్చి కుక్కలను పట్టుకుపోయాయి. కొన్ని నెలలు తిరగకుండానే మళ్లీ అన్నే కుక్కలు కనిపిస్తున్నాయి. పిల్లలను ఆడుకోవడానికి పంపాలంటే భయంగా ఉంది. ఎన్ని పట్టుకుపోయినా అవి ఎందుకు తగ్గడం లేదు?
— ఒక గృహిణి, వరంగల్

జవాబు: మీ భయం న్యాయమైనది, దాన్ని తేలిగ్గా తీసుకునేవారితో నేను ఏకీభవించను. అయితే బండి వచ్చి పట్టుకుపోవడం వల్ల కుక్కలు ఎందుకు తగ్గవో తెలిస్తే, ఏది అడగాలో మీ కాలనీవాసులకు స్పష్టమవుతుంది.

ఒక వీధిలో ఎన్ని కుక్కలు బతకగలవన్నది ముఖ్యంగా అక్కడ దొరికే తిండిని బట్టి ఉంటుంది. కుక్క రెండు నెలలు మోసి ఒక ఈతలో నాలుగైదు పిల్లలను పెడుతుంది. వీధిలో పుట్టిన ఆ పిల్లల్లో సగానికి పైగా ఏడాది నిండకముందే ఆకలితో, రోగాలతో, బండ్ల కింద పడి చనిపోతాయి. కొన్ని కుక్కలను తీసేస్తే చెత్తకుప్ప, మాంసం దుకాణం పక్కన పారేసే వ్యర్థాలు, ఫంక్షన్ హాలు వెనుక విస్తర్లు అలాగే ఉంటాయి. మిగిలిన కుక్కలకు తలా ఒక్కింటికి దక్కే తిండి పెరుగుతుంది, ఇంతకుముందు చనిపోయే పిల్లలు ఇప్పుడు బతుకుతాయి, ఖాళీ అయిన వీధిలోకి పక్క వీధి కుక్కలు కూడా వస్తాయి. పై జవాబులో సుడిదోమ విషయంలో చూసిన లెక్కే ఇక్కడా వర్తిస్తుంది. హద్దును ముట్టుకోకుండా సంఖ్యను మాత్రమే తగ్గిస్తే, సంఖ్య తిరిగి ఆ హద్దు దగ్గరికే వస్తుంది.

ఇది ఒక కాలనీకే పరిమితమైన సంగతి కాదు. 1990లలో మన దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయినప్పుడు, అవి గంటలలో తినేసే పశువుల కళేబరాలు ఊరి బయట మిగిలిపోయాయి. ఆ తిండి కుక్కలకు దక్కింది, ఆ తర్వాతి సంవత్సరాల్లో దేశంలో వీధికుక్కల సంఖ్య లక్షల్లో పెరిగింది. తిండి పెరిగితే కుక్కలు పెరుగుతాయనడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ అక్కరలేదు.

అందువల్ల మీ కాలనీ పట్టుబట్టవలసినవి రెండున్నాయి. మొదటిది, చెత్తను, ముఖ్యంగా మాంసం వ్యర్థాలను, మూతలేని చోట ఒక్క రాత్రి కూడా ఉండనివ్వకపోవడం. రెండోది, జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం కుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స, రేబిస్ టీకా చేయించడం. 2001లో వచ్చిన ఈ నిబంధనల స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి. శస్త్రచికిత్స అయిన కుక్క తన వీధిలో ఉంటే తిండిలో తన వాటా తింటుంది, కొత్త కుక్కలను రానివ్వదు, పిల్లలను మాత్రం పెట్టదు. అయితే అరకొరగా పది కుక్కలకు చేసి వదిలేస్తే ఫలితం కనిపించదు. ఒక ప్రాంతంలోని ఆడకుక్కల్లో అత్యధిక భాగానికి తక్కువ కాలంలో పూర్తిచేయాలి, ఆ తర్వాత కూడా ఆపకూడదు. రేబిస్ విషయంలో కుక్కల్లో 70 శాతానికి టీకా వేస్తే ఆ వ్యాధి వ్యాప్తి ఆగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ప్రశ్నలో అడగకపోయినా ఒక మాట చెప్పాలి. కుక్క కరిచిన గాయాన్ని వెంటనే సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలపాటు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టించుకోవాలి. పసరు, కారం, సున్నం లాంటివి పెట్టకూడదు.

ప్రశ్న: నల్లమలలో పులుల సంఖ్య పెరిగిందని విని సంతోషించినా, మా పిల్లలు ఒక ప్రశ్న అడిగారు. పులి అనేదే లేకపోతే జింకలు, దుప్పులు హాయిగా పెరుగుతాయి కదా, మరి పులి ఎందుకు? తరగతిలో దీనికి ఏమని చెప్పాలి?
— ఒక పాఠశాల ఉపాధ్యాయుడు, ఆత్మకూరు, నంద్యాల జిల్లా

జవాబు: పిల్లల ప్రశ్నకు జవాబుగా మీరు తరగతిలో సెయింట్ మాథ్యూ దీవి కథ చెప్పండి. అలాస్కాకు పడమరగా బేరింగ్ సముద్రంలో ఉన్న ఈ దీవి విస్తీర్ణం సుమారు 330 చదరపు కిలోమీటర్లు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అక్కడ కొద్దిమంది అమెరికా తీర రక్షక దళ సిబ్బంది ఉండేవారు. వారికి ఆహారం అందకపోతే ఆసరాగా ఉంటాయని 1944లో రెయిన్‌డీర్లు అనే మంచు ప్రాంతపు జింకలను 29 అక్కడ వదిలారు. కొద్దికాలానికే సిబ్బంది వెళ్లిపోయారు. దీవిలో తోడేలు లేదు, వేటగాడు లేడు. నేలమీద తరాల తరబడి ఏ జంతువూ మేయని, నాచులా పెరిగే లైకెన్ మందంగా పరుచుకుని ఉంది. చలికాలంలో రెయిన్‌డీర్లకు అదే ప్రధాన ఆహారం.

1957లో డేవిడ్ క్లైన్ అనే శాస్త్రవేత్త వెళ్లి లెక్కపెట్టేసరికి అవి 1,350 అయ్యాయి, అన్నీ బలిసి ఉన్నాయి. 1963లో ఆయన మళ్లీ వెళితే 6,000 ఉన్నాయి. అంటే చదరపు కిలోమీటరుకు 18. కానీ ఈసారి వాటి శరీరం బరువు తగ్గింది, మందలో పిల్లల శాతం తగ్గింది, లైకెన్ చాలాచోట్ల మేత కింద అరిగిపోయింది. సంఖ్య శిఖరాన ఉన్న ఏడాదే పతనం లక్షణాలు కూడా కనిపించాయన్నమాట. ఆ తర్వాత వచ్చిన 1963–64 చలికాలం తీవ్రంగా ఉంది, మంచు ఎక్కువగా పడింది. 1966లో క్లైన్ మూడోసారి వెళ్లినప్పుడు దీవి నిండా ఎముకలు పడి ఉన్నాయి, ప్రాణంతో ఉన్నవి 42. వాటిలో 41 ఆడవి, ఒక్కటే మగది, దానికీ కొమ్ములు సరిగా లేవు. పిల్లలు ఒక్కటీ లేవు. 1980ల నాటికి అక్కడ రెయిన్‌డీర్ అనేదే మిగలలేదు.

ఇక్కడ పిల్లలతో చర్చించదగిన సూక్ష్మం ఒకటుంది. ఆ జంతువులను చంపింది చలా, ఆకలా? అదే చలికాలం 1957లో వచ్చి ఉంటే కొవ్వు పట్టి ఉన్న 1,350లో చాలావరకు తట్టుకునేవి. తుఫాను, కరువు, చలి లాంటివి మంద పెద్దదా చిన్నదా అని చూడవు, ఆకలి, రోగం మాత్రం మంద పెరిగిన కొద్దీ పెరుగుతాయి. రెండూ కలిసినప్పుడే ఇంతటి వినాశనం జరుగుతుంది.

అయితే వేటాడే జంతువు ఒక్కటే అన్నిటినీ అదుపు చేస్తుందని చెబితే అది కూడా పూర్తి నిజం కాదు. కెనడాలో మంచు కుందేళ్ల సంఖ్య దాదాపు పదేళ్లకు ఒకసారి పెరిగి తగ్గుతుందని హడ్సన్ బే కంపెనీ బొచ్చు తోళ్ల వ్యాపార లెక్కల నుంచి ఎప్పుడో తెలిసింది. కారణం లింక్స్ అనే అడవిపిల్లి అని కొందరు, మేత అని కొందరు వాదించారు. చార్లెస్ క్రెబ్స్ బృందం యూకాన్ ప్రాంతంలోని క్లువాన్ అడవుల్లో 1986 నుంచి 1994 వరకు చదరపు కిలోమీటరు చొప్పున అడవి ముక్కలు తీసుకుని ప్రయోగం చేసింది. కంచె వేసి వేటాడే జంతువులను రానివ్వని చోట కుందేళ్లు సుమారు 2 రెట్లయ్యాయి. అదనంగా మేత పెట్టిన చోట 3 రెట్లయ్యాయి. కంచె, మేత రెండూ కలిపిన చోట 11 రెట్లయ్యాయి. రెండును మూడుతో హెచ్చిస్తే ఆరే, వచ్చింది పదకొండు. మేత, వేట ఒకదానికొకటి తోడై పనిచేస్తాయని ఈ ఫలితం చూపింది. ఆకలితో ఉన్న కుందేలు మేత కోసం ఎక్కువ దూరం, ఎక్కువసేపు బయట తిరిగి సులువుగా దొరికిపోతుంది.

పులికి కూడా ఒక హద్దు ఉందని తరగతిలో తప్పక చెప్పండి. ఒక పులి ఏడాదికి సుమారు 50 పెద్ద జంతువులను తింటుందనీ, అది మందలో పదో వంతుకు మించకుండా ఉండాలంటే ఒక్కో పులికి సుమారు 500 దుప్పులు, కణుజులు, అడవిపందులు లాంటివి కావాలనీ పులులపై పరిశోధించిన శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ అధ్యయనాలు చెబుతున్నాయి. కాబట్టి నల్లమలలో ఎన్ని పులులు ఉండగలవన్నది చివరికి అక్కడి గడ్డి, నీరు, దుప్పుల మీద ఆధారపడుతుంది. ఉచ్చులు పెట్టి దుప్పులను పట్టేవారు పులిని ముట్టుకోకపోయినా పులుల సంఖ్యను తగ్గిస్తున్నట్టే.

ప్రశ్న: ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం పెడుతున్నారు. సముద్రం ఇంత పెద్దది, రెండు నెలలు ఆపితే నిజంగా లాభం ఉంటుందా?
— ఒక పాఠకుడు, భీమునిపట్నం

జవాబు: మొదటి జవాబులోని చెరువు అంకెలను చూడండి. 500 చేపలు ఉన్నప్పుడు ఏటా 125 పట్టుకున్నా తర్వాతి ఏడాదికి మళ్లీ 500 ఉంటాయి. 100కు దిగజారిపోయాక 45 మాత్రమే పట్టుకోగలం, అంతకు మించి పట్టిన ప్రతి చేప అసలులో కోతే. తూర్పు తీరంలో ఈ 61 రోజుల నిషేధం చాలా రకాల చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలంలో తల్లులను కాపాడుతుంది. అయితే మిగిలిన పది నెలలు సన్నని కన్నుల వలలతో పిల్ల చేపలను కూడా ఊడ్చేస్తే ఈ రెండు నెలల త్యాగం వృథా అవుతుంది. ఈ మాట మీలో చాలామందికి నా కన్నా బాగా తెలుసు.

సముద్రం పెద్దదన్న ధీమా ఎంత ప్రమాదకరమో కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ అనుభవం చెబుతుంది. నాలుగైదు శతాబ్దాలు యూరప్‌కు చేపను పంపిన ఆ తీరంలో కాడ్ చేప కుప్పకూలి 1992 జూలైలో వేటను నిషేధించవలసి వచ్చింది. సుమారు 30,000 మంది ఉపాధి పోయింది. రెండేళ్ల కోసమని పెట్టిన ఆ నిషేధం 30 ఏళ్లకు పైగా సాగింది. మరీ తక్కువకు పడిపోయిన సంఖ్య, వేట ఆపగానే కోలుకుంటుందన్న హామీ లేదు.

ప్రశ్న: మా చిన్నప్పుడు ఇద్దరు చాలు అని గోడల మీద రాసేవారు. ఇప్పుడు పిల్లలు తగ్గిపోతున్నారని ఆందోళన పడుతున్నారు. మనుషులకు కూడా బ్యాక్టీరియా లెక్కే వర్తిస్తుందా?
— ఒక పదవీ విరమణ పొందిన ఉద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: మనుషుల విషయంలో జరిగింది వెర్హుల్స్ట్ ఊహించిన దానికన్నా భిన్నమైనది. ప్రపంచ జనాభా 2022 నవంబరు 15న 800 కోట్లకు చేరిందని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. కానీ పెరుగుదల రేటు 1960లలోనే ఏడాదికి 2 శాతానికి కాస్త పైన శిఖరాన్ని తాకి, ఇప్పుడు 1 శాతం కన్నా తక్కువకు దిగింది. ఈ తగ్గుదల ఆకలి వల్ల రాలేదు. పుట్టిన బిడ్డ బతుకుతుందన్న నమ్మకం కలిగి, ఆడపిల్లలు చదువుకుని, ఎప్పుడు ఎంతమందిని కనాలో నిర్ణయించుకునే వీలు దొరికిన చోటల్లా జననాలు తగ్గాయి. తిండి పెరిగిన కొద్దీ సంతానం తగ్గించుకున్న జీవి మనిషే.

2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో స్త్రీకి సగటు సంతానం దేశంలో 2.0, తెలంగాణలో 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7. తరం స్థానంలో తరం నిలవడానికి 2.1 కావాలి. అయినా జనాభా వెంటనే తగ్గకపోవడానికి కారణం, ఇదివరకు పుట్టిన పెద్ద తరం ఇప్పుడు పిల్లలను కనే వయసులో ఉండడం. ఒక్కొక్కరికి తక్కువమందే పుట్టినా తల్లులు ఎక్కువ కాబట్టి మరికొన్ని దశాబ్దాలు మొత్తం పెరగవచ్చు. ఆ తరం వయసు మీరాక వృద్ధుల శాతం పెరుగుతుంది. ఎక్కువమందిని కనమని చెప్పడం కన్నా, ఆ వృద్ధులకు పింఛను, వైద్యం ఎలా అందించాలన్న ఆలోచన ఇప్పుడే మొదలుపెట్టడం అవసరమని నేను భావిస్తాను.

ప్రశ్న: కుక్కలు, దోమలు మందు పెట్టినా పోవు కానీ, రాబందులు మాత్రం అంత తొందరగా ఎలా పోయాయి? అవి మళ్లీ వస్తాయా? పశువులు ఉన్న మాలాంటివాళ్లం చేయగలిగింది ఏమైనా ఉందా?
— ఒక పాడిరైతు, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా

జవాబు: మీ జిల్లా నుంచే ఈ ప్రశ్న రావడం సంతోషం. బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్లు పెట్టుకున్నట్టు 2013లో బయటపడింది.

రాబందు బతుకు లెక్క సుడిదోమ లెక్కకు పూర్తిగా తలకిందులు. అది సుమారు ఐదేళ్ల వయసుకు గానీ గుడ్డు పెట్టదు, పెట్టినా ఏడాదికి ఒక్కటే. అలాంటి పక్షి జాతి నిలవాలంటే పెద్ద పక్షులు చాలా ఏళ్లు బతకాలి. పశువుల నొప్పులకు, జ్వరానికి వాడిన డైక్లోఫెనాక్ మందు కళేబరంలో మిగిలి, దాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలను దెబ్బతీసింది. నూటికి ఒకటి కన్నా తక్కువ కళేబరాల్లో ఈ మందు ఉన్నా చాలు, ఆ జాతి కూలిపోతుంది. ఎందుకంటే ఒక్క కళేబరం మీద పదుల సంఖ్యలో రాబందులు వాలతాయి. తెల్లవీపు రాబందులు 1992 నుంచి 2007 మధ్య 99.9 శాతం తగ్గిపోయాయి. రెట్టింపు కావడానికి వారాలు పట్టే దోమ మన దెబ్బ నుంచి కోలుకుంటుంది, ఏళ్లు పట్టే రాబందు కోలుకోలేదు.

పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని కేంద్రం 2006లో నిషేధించింది. రాబందులకు అంతే హాని చేసే కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ మందులను 2023లో నిషేధించింది. మీరు చేయగలిగింది కచ్చితంగా ఉంది. మీ ఆవుకో గేదెకో నొప్పి, వాపు, జ్వరం వచ్చినప్పుడు రాబందులకు హాని చేయని మెలాక్సికమ్ ఇవ్వమని పశువైద్యుణ్ణి అడగండి. మనుషుల కోసం అమ్మే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్‌ను పశువుకు వేయించకండి. ఏదైనా నొప్పి మందు వేసిన కొద్ది రోజుల్లోనే పశువు చనిపోతే, ఆ కళేబరాన్ని గుట్ట దగ్గర వదలకుండా లోతుగా పూడ్చిపెట్టండి.